ఈ పాకం ఎవరి కోసం?

సత్సంగ మిత్రులొకరు ఇటీవల నన్ను ఒక ప్రశ్న అడిగారు. చలనచిత్రాలలో, చరవాణి తెరలపై ఇప్పుడు ఎటు చూసినా వంటలే కనబడుతున్నాయి. నేతిలో చిటపటలాడే పోపు, ఆవిరులెగసే అన్నపురాశి, ముద్ద కలిపే చేయి, తినేవాని ముఖంలో పరవశం. సాధకుడు వీటిని చూడవచ్చునా? శ్రీమద్భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత మత్స్యాన్ని తన గురువులలో ఒకటిగా చెప్పుకొన్నాడు. గాలానికి గుచ్చిన ఎరకు ఆశపడి ప్రాణం పోగొట్టుకొన్న చేపను చూచి, రసనను జయించనంతవరకు తక్కిన ఇంద్రియాల జయం జయమే కాదని గ్రహించాడు. "ఈ తెర కూడా ఒక గాలమే కదా?" అని మా మిత్రుని ఆక్షేపణ.

ఆ ఆక్షేపణ తేలికగా తోసిపుచ్చదగినది కాదు. అయినప్పటికీ నేను దానితో పూర్తిగా ఏకీభవించలేకపోతున్నాను. అన్నాన్ని ఉత్సవంగా చూపడం దోషం కాదని నా అభిప్రాయం. ఈ పాకం ఎవరి కోసం, ఎవరి శ్రమతో అన్న ప్రశ్నను ఆ ఉత్సవపు సందడిలో మరుగుపరచడమే దోషం. ఈ ఒక్క ప్రశ్నను గీటురాయిగా పెట్టుకొని కొన్ని చిత్రాలను పరిశీలిద్దాం.

ముందుగా శ్రుతి ఏమంటున్నదో స్మరించుకొందాం. తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి మనకు సుపరిచితం. వరుణపుత్రుడైన భృగువు బ్రహ్మమును తెలియగోరి తండ్రి ఆదేశం మేరకు తపస్సు చేస్తాడు. అతనికి మొట్టమొదట స్ఫురించినది అన్నమే బ్రహ్మమని. తరువాత ప్రాణం, మనస్సు, విజ్ఞానం, చివరకు ఆనందం. అన్నం వద్ద అతడు ఆగిపోలేదన్నది ఎంత సత్యమో, అన్నాన్ని కాదని దాటిపోలేదన్నదీ అంతే సత్యం. ఆనందమును తెలుసుకొన్న తరువాత కూడా ఉపనిషత్తు తిరిగి అన్నం దగ్గరకే వచ్చి వ్రతాలను విధిస్తుంది. అన్నాన్ని నిందించరాదు. అన్నాన్ని త్రోసివేయరాదు. అన్నాన్ని సమృద్ధిగా సంపాదించాలి. ఆశ్రయం కోరి వచ్చినవానిని కాదనరాదు. సమృద్ధిని కోరడానికి కారణం కూడా అక్కడే ధ్వనిస్తున్నది. ఇంటికి వచ్చినవానికి అన్నం సిద్ధంగా ఉన్నదని చెప్పగలగాలి.

ఇంకొక విశేషం. ఆ వల్లి ఒక గానంతో ముగుస్తుంది. తత్త్వమును తెలిసినవాడు ఆశ్చర్యంతో సామగానం చేస్తూ, తానే అన్నమని, తానే అన్నమును భుజించువాడనని పాడుతాడు. ఇతరులకు పెట్టక తానొక్కడే తినేవానిని అన్నమే తినివేస్తుందన్న హెచ్చరికను కూడా భాష్యకారులు ఆ గానంలో చూపారు. భోక్త, భోజ్యం అన్న భేదం కరిగిపోయిన స్థితిలో పుట్టిన భోజనగీతం అది.

ఈ ఉపనిషద్వాక్యాలు బత్తలపల్లెలో కూర్చొని చదువుకొంటే వేరుగా వినిపిస్తాయి. అనంతపురం నుండి కదిరికి పోయే దారిలో ఉన్న మా ఊరు 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో భాగమైనది. జిల్లా పేరు మారినా ఆకాశం మారలేదు. నైరుతి మేఘాలు పడమటి కనుమల వద్దనే బరువు దించుకొంటాయి. ఈశాన్య మేఘాలు తూర్పుతీరం నుండి ఇంతదూరం వచ్చేసరికి వట్టిపోతాయి. సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదైనా అదనుకు కురవదు. ఎర్రనేలలో వేసిన వేరుసెనగ ఊడలు దిగే వేళకు చినుకు లేకపోతే ఆ సంవత్సరం అంతే. వేరుసెనగ పోయినచోట రైతు చివరి ఆశగా ఉలవలు చల్లుతాడు. ఛాందోగ్యంలో కురుదేశపు పంటలు నాశనమైన కాలంలో ఉషస్తి చాక్రాయణుడు ఒక మావటివాని ఎంగిలి గుగ్గిళ్ళను యాచించి తిన్న వృత్తాంతం ఉన్నది. వేదవేత్త అయిన ఆయన ప్రాణధారణకు వేరుదారి లేక అవి తిన్నాడు. తాను తినగా మిగిలినవి భార్యకు తెచ్చి ఇచ్చాడు. ఆ కథ వింటే మా సీమవాసులకు ఉలవగుగ్గిళ్ళే కళ్ళముందు మెదలుతాయి.

మా అమ్మ ఎనభై దాటినది. 1950వ దశకపు తొలి సంవత్సరాలలో రాయలసీమను పీడించిన క్షామకాలంలో ఆమె చిన్నపిల్ల. గంజి కేంద్రం ముందు చిన్న చెంబు పట్టుకొని వరుసలో నిలబడిన జ్ఞాపకం ఆమెకు ఈనాటికీ చెక్కుచెదరలేదు. అన్నమంటే ఆమెకు ముందు గుర్తుకు వచ్చేది రుచి కాదు, ఆ వరుస. తన వంతు వచ్చేసరికి పాత్రలో గంజి మిగులుతుందా అన్న భయం.

ఆ క్షామం గడచిన కొద్ది సంవత్సరాలకే, 1957 మార్చి 27న, 'మాయాబజార్' విడుదలైనది. తెలుగు తెరపై అంతటి విందు అంతకుముందు లేదు, ఆ తరువాత కూడా లేదని చెప్పవచ్చు. దానిని తీర్చిదిద్దిన దర్శకుడు కె.వి. రెడ్డిగారు కోనసీమ పచ్చని పొలాల మధ్య పుట్టినవారు కారు. 1912లో అనంతపురం జిల్లాలోని తాడిపత్రిలో జన్మించినవారు. 'భక్త పోతన', 'యోగి వేమన' తీసిన చేతులతోనే ఈ విందునూ తీశారు. కరవునేలలో పుట్టినవాడు తెలుగువారందరికీ కన్నుల పండువగా భోజనం వడ్డించడం కాకతాళీయం కావచ్చు. కానీ ఆకలి తెలిసిన సీమకే అన్నపు సంబరం కూడా బాగా తెలుస్తుందని నాకు అనిపిస్తుంది.

వివాహభోజన ఘట్టం తెలియని తెలుగువాడు ఉండడు. ఎస్.వి. రంగారావుగారి ఘటోత్కచుడు పెండ్లివారి కోసం అమర్చిన పిండివంటల ముందు నిలబడి, పాడుతూ, నవ్వుతూ ఒక్కొక్కటే ఆరగిస్తాడు. మాధవపెద్ది సత్యంగారి కంఠం ఆ నవ్వుకు తోడైనది. మార్కస్ బార్‌ట్లేగారి ఛాయాగ్రహణ చాతుర్యంతో లడ్డూలు తమంతట తామే ఎగిరి అతని నోటిలోకి వెళతాయి. చూసే పిల్లలకు, పెద్దలకు ఒకే విధమైన ఆనందం. ఇందులో పాపమేమున్నది? ఏమీ లేదు.

అయినా సాధకుని దృష్టితో ఒకసారి చూడండి. ఇది కూడా భోజనగీతమే. కానీ భృగువల్లి గానానికి ఇది ప్రతిలోమం. అక్కడ తానే అన్నమైనవాడు పాడుతున్నాడు. ఇక్కడ అన్నమంతా తనదే అయినవాడు పాడుతున్నాడు. పంక్తిలో రెండవ విస్తరి లేదు. అతిథుల కోసం సిద్ధమైన దానిని ఒక్కడే భక్షిస్తున్నాడు. చిత్రకర్తలు ఆ పని రాక్షసునికి అప్పగించారు. అది హాస్యం కావడానికి కారణమూ అదే. అతడు దోచుకొంటున్నది అధర్మ వివాహపు విందును గనుక మనం అతనితో కలిసి నవ్వుతాం. ఒంటరిగా తినడం రాక్షసలక్షణమని ప్రేక్షకునికి ఎవరూ ఉపదేశించలేదు. అతడు నవ్వుతూనే ఆ సంగతి గ్రహించాడు. చుట్టూ ఉన్న బజారు మాయ అని పేరులోనే చెప్పి, అనుభవింపజేసి, చివరకు దానిని ఉపసంహరించిన చిత్రం అది. ఎరను చూపి, గాలాన్ని కూడా చూపినది.

అదే చిత్రంలో గోంగూర ప్రస్తావన వస్తుంది. కౌరవుల పక్షాన వచ్చిన శర్మ, శాస్త్రుల సంభాషణలో ఆ ఆకుకూరకు శాకంబరీదేవి ప్రసాదమన్న గౌరవం దక్కుతుంది. ప్రేక్షకులు నవ్వుకొనే మాట అది. మేము నవ్వి, ఆ తరువాత కాసేపు మౌనం వహిస్తాము. ఎందుకంటే శాకంబరి విందుల దేవత కాదు, కరవుల దేవత. నూరేండ్ల అనావృష్టి వలన లోకం అలమటించినప్పుడు తాను అవతరిస్తానని, వానలు పడేవరకు తన దేహం నుండి పుట్టిన శాకములతో లోకాన్ని భరిస్తానని దేవీమాహాత్మ్యంలో జగన్మాత మాట ఇచ్చింది. నూరు కన్నులతో చూసే శతాక్షి ఆమెయే. వండిపెట్టడమంటే తన శరీరంలో నుండి కొంత తీసి ఇవ్వడమని దీనికంటె స్పష్టంగా చెప్పిన పురాణగాథ నాకు తెలియదు. పొయ్యి ముందు నిలబడిన ప్రతి తల్లీ ఆ పనినే చేస్తున్నది.

ఇక రెండవ చిత్రం 'మిథునం'. శ్రీరమణగారి కథ ఆధారంగా తనికెళ్ళ భరణిగారి దర్శకత్వంలో 2012లో వచ్చినది. తెరపై రెండే పాత్రలు. బాలసుబ్రహ్మణ్యంగారి అప్పదాసు, లక్ష్మిగారి బుచ్చిలక్ష్మి. పిల్లలు దూరదేశాలలో స్థిరపడిన తరువాత వృద్ధదంపతులు తోట పెంచుకొంటూ, ఆవును సాకుకొంటూ, వండుకొంటూ, తింటూ, అలుగుతూ, కలుస్తూ గడిపే జీవితం అది. వంట చేయడంలోని సంతోషాన్ని అంత ఆర్ద్రంగా చూపిన తెలుగు చిత్రం మరొకటి లేదు. ఇక్కడ ఘటోత్కచుని ఒంటరితనం లేదు. రెండవ మనిషి ఉన్నాడు గనుకనే వంటకు రుచి వచ్చినది. తాను సుమంగళిగా ముందుగా పోవాలని లోకరీతిగా ఆ ఇల్లాలు కోరుకోదు. తన తరువాత ఆయన ఏమైపోతాడోనన్నదే ఆమె దిగులు. దానిని నేను గృహస్థాశ్రమంలోని నిష్కామకర్మకు ఉదాహరణగా సత్సంగంలో పలుమార్లు ఉదహరించాను.

ఒకనాడు ఆ చిత్రాన్ని టీవీలో మా అమ్మతో కలిసి చూశాను. నేను కన్నీళ్ళు తుడుచుకొంటున్నాను. ఆమె నిశ్చలంగా కూర్చొని రెండు ప్రశ్నలు వేసింది.

మొదటిది: "అంత తోటకి నీళ్ళు యాడినుంచి వస్తాండాయిరా?"

రెండవది కొంతసేపటి తరువాత: "ఆయప్పకి పెడతానే ఉండాది. ఆయమ్మ యెప్పుడు తింటాది?"

నాకు సమాధానం తోచలేదు. ఆ రెండు ప్రశ్నలే ఈ వ్యాసానికి మూలం.

మొదటి ప్రశ్న అన్నపు మూలాన్ని గురించినది. అన్నం వర్షం వలన, వర్షం యజ్ఞం వలన, యజ్ఞం కర్మ వలన కలుగుతుందని గీతాచార్యుడు మూడవ అధ్యాయంలో ఒక చక్రాన్ని చూపాడు. దానికి ముందే, తమ కోసం మాత్రమే వండుకొనేవారు పాపాన్నే భుజిస్తున్నారని కఠినంగా హెచ్చరించాడు. తెరపై కనబడే విందుకు వెనుక ఆ చక్రమంతా ఉన్నది. వాన ఉన్నది, బోరుబావి ఉన్నది, అప్పు ఉన్నది, రైతు ఉన్నాడు. ఆ చక్రం కనబడని భోజనోత్సవం పుష్పాన్ని చూపి చెట్టును దాచినట్లు ఉంటుంది. 'మిథునం' ఈ విషయంలో నిర్దోషి అనే చెప్పాలి. తోటను, తోటలోని శ్రమను అది దాచలేదు. కానీ నీరు పుష్కలంగా ఉన్నచోట నీటిని ఎవరూ తలచుకోరు. మా అమ్మ తలచుకొన్నది.

రెండవ ప్రశ్న మనలను మరింత బాధిస్తుంది. దానికి సమాధానం మలయాళ చిత్రం 'ది గ్రేట్ ఇండియన్ కిచెన్'లో నాకు దొరికినది. జియో బేబీ దర్శకత్వంలో 2021 జనవరిలో వచ్చినది. అందులోనూ చిత్రమంతా వంటయే. కూరలు తరగడం, కొబ్బరి రుబ్బడం, దోసెలు పోయడం మొదట ముచ్చటగా కనబడతాయి. అవే పనులు మరునాడు, ఆ మరునాడు, అంతులేకుండా సాగుతాయి. పురుషులు తిని లేచిన తరువాత, వారు నమిలి పడవేసిన పిప్పి మధ్య, అదే బల్ల మీద స్త్రీలు తింటారు. అన్నం కట్టెలపొయ్యి మీదనే ఉడకాలని మామగారు సౌమ్యంగా కోరుతాడు. ఎవరూ గట్టిగా అరవరు, కొట్టరు. భర్త అయ్యప్పదీక్ష తీసుకొంటాడు. భార్యకు మాత్రం ఆ ఇంటిలో స్థానం మరింత కుంచించుకుపోతుంది.

ఈ చిత్రం ఆస్తికులలో చాలామందికి నచ్చలేదు. మన ఆచారాలను అవహేళన చేస్తున్నదని నొచ్చుకొన్నవారు ఉన్నారు. కొన్ని ఘట్టాలు నాకూ కష్టం కలిగించాయి. దీక్షను కేవలం పీడనసాధనంగా చూడడం దీక్షాస్వరూపానికి న్యాయం చేయదని ఇప్పటికీ అనుకొంటున్నాను. కానీ ఆ చిత్రాన్ని నిందించి ప్రశ్నను తప్పించుకొనే అధికారం మనకు లేదు. ఇంటి ఇల్లాలిని అన్నపూర్ణ అని స్తుతించడం మనకు చాలా సులువు. కాశీలో అన్నపూర్ణ ముందు భిక్షాపాత్రతో నిలబడినవాడు సాక్షాత్తు విశ్వేశ్వరుడు. యాచించేవాడు తలవంచి నిలబడతాడు. ఆజ్ఞాపించేవాడు అన్నపూర్ణను ఆరాధిస్తున్నట్లు కాదు. మన ఇళ్ళలో వంట ముందు మనం ఏ భంగిమలో నిలబడుతున్నాము?

ఇది ఇతరులకు చేసే ఉపదేశం కాదు. మా ఇంట ప్రతి శ్రీరామనవమికి సత్సంగ బంధువులకు భోజనం పెట్టే ఆనవాయితీ ఉన్నది. అన్నదాన మహిమను గూర్చి నేను ప్రసంగించేవాడిని. ఆ సమయంలో మా ఇంటి స్త్రీలు తెల్లవారుజామున రగిలించిన పొయ్యి వద్దనే ఉండేవారు. ఓళిగలు కాల్చి, చిత్రాన్నం కలిపి, నైవేద్యం సమర్పించి, మూడు పంక్తులకు వడ్డించి, అపరాహ్ణం దాటిన తరువాత చల్లారిన అన్నంలో మిగిలిన చారు పోసుకొని తినేవారు. ప్రసంగం వారు ఏనాడూ వినలేదు. అన్నం బ్రహ్మమని నేను హాలులో చెబుతున్నప్పుడు, ఆ బ్రహ్మమును ఉడికిస్తున్నవారికి కూర్చొనే తీరిక లేదు. మా అమ్మ ప్రశ్న వినేవరకు ఇందులోని వైపరీత్యం నా దృష్టికి రాలేదు. ఇన్నేళ్ళ ఉపనిషత్పఠనం తరువాత కూడా రాలేదని చెప్పడానికి సిగ్గుపడుతున్నాను.

అయితే వంటలో ఆనందం లేదని, అదంతా దాస్యమేనని తీర్మానించడం కూడా సత్యదూరం. తెలంగాణకు చెందిన నారాయణరెడ్డిగారు వృద్ధాప్యంలో యూట్యూబు ద్వారా లక్షలమందికి పరిచితులైనారు. 2019లో దివంగతులయ్యారు. ఆరుబయట కట్టెలపొయ్యి మీద పెద్దపెద్ద పాత్రలలో ఆయన వండేవారు. ఆ దృశ్యాలలోని వంటలన్నీ సాత్వికాహారం కావు. మనలో చాలామంది ఇళ్ళలో వండేవీ కావు. కానీ వండినది అనాథబాలల విస్తళ్ళకు చేరేది. పిల్లలు తింటూ ఉండడం చూపితేనే ఆ దృశ్యానికి ముగింపు. వండినవాని ముఖంలోని సంతోషం తినేవారి ముఖాలలో పూర్తి అయ్యేది. ప్రపంచంలోని సుప్రసిద్ధ పాకశాలల వైభవాన్ని చూపే చిత్రాలకు లేని నిండుదనం ఆ చిన్న దృశ్యాలకు అక్కడినుండి వచ్చినది.

దేవుని నైవేద్యానికి వండేవారు రుచి చూడరు. ఉప్పు సరిపోయినదా లేదా అన్నది చేతి లెక్కకు, మనస్సులోని శ్రద్ధకు వదిలివేస్తారు. మనకు చిన్ననాటి నుండి తెలిసిన ఈ నియమంలో పాకానందపు రహస్యమంతా ఇమిడి ఉన్నదని నాకు తోస్తున్నది. వండేవాని ఆనందం తన నాలుకపై ఆధారపడి లేదు. తినబోయేవానిని తలచుకోవడంలోనే అది పుట్టినది. అందువలననే అది జిహ్వాచాపల్యం కాదు. ఆ తలపు లేనినాడు ఎంతటి మధురపాకమైనా ఘటోత్కచుని ముందరి విందు వంటిదే. ఆ తలపును ఒకరిపై బలవంతంగా రుద్ది, తినేవారు మాత్రం ఎన్నడూ వండేవారిని తలచుకోకపోతే, ఆ అన్నం యజ్ఞశేషం కాజాలదు.

కనుక మా మిత్రునికి నా సమాధానం ఇది. చూడవచ్చు. కానీ చూసేటప్పుడు మూడు విషయాలు గమనించండి. ఈ అన్నం ఎక్కడినుండి వచ్చినదో చిత్రం చూపినదా? వడ్డన ఎవరి వరకు చేరినది? వండినవారు చివరకు కూర్చొని తిన్నారా? ఈ మూడింటికీ సమాధానం దొరికిన చిత్రం సాధకునికి హాని చేయదు. దొరకని చిత్రం చూసినా, ఆ ప్రశ్నలు వేసుకొన్నంతవరకు గాలం మనకు తగలదు. పిమ్మట తెర ఆపివేసి, అవే మూడు ప్రశ్నలను మన ఇంటి వంటగదిలో వేసుకోవాలి. అసలు పరీక్ష అక్కడ ఉన్నది.

గత శ్రీరామనవమికి మా ఇంట క్రమం కొంత మారినది. ప్రసంగం తగ్గినది. మగవారం తెల్లవారుజామున లేచి కూరగాయలు తరిగాము, నీళ్ళు తోడాము, పెద్ద గంగాళాలు దించాము. నేను కలిపిన చిత్రాన్నంలో పులుపు ఎక్కువైనది. నైవేద్యమైన తరువాత మొదటి పంక్తిలో స్త్రీలు కూర్చున్నారు. మా అమ్మను మధ్యలో కూర్చోబెట్టాము. ఆమె మొదట ఒప్పుకోలేదు. "మగోళ్ళు వడ్డిస్తే సరిగా పడదురా" అన్నది. వడ్డన నిజంగానే సరిగా పడలేదు. పప్పు విస్తరి దాటి కారినది.

ఓళిగ మీద నేయి వేయబోతే ఆమె చేయి అడ్డం పెట్టింది. "అందరికీ వస్తాదా చూసుకో, ముందు" అన్నది. డెబ్భై సంవత్సరాల నాటి ఆ గంజి వరుస ఆమె కళ్ళలో ఇంకా ఉన్నది. అందరికీ వస్తుందని నేను చెప్పిన తరువాతనే చేయి తీసింది.

స్వస్తి.